పెద్దమ్మ నాలుకకు అందని మట్టి

మా పెద్దమ్మ పోయింది. నేను పనిలో ఉండగా ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ నేదురా. బేగి రా" అని పెట్టేశాడు. మా అమ్మకు ఆమె అక్క. నా చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది ఆమే. మూత్రపిండాలు చెడిపోయాయని ఆసుపత్రి వాళ్లు రాసిచ్చారు. ఎందుకు చెడిపోయాయో ఎవరూ చూడలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

అరకు వైపు మా కొండ ఊళ్లలో పండక్కి ముందు ఆడవాళ్లు ఇంటి గోడలకు రంగుమట్టి పూస్తారు. ఎవరు ఏ దిక్కు నుంచి మట్టి తెచ్చినా ముందు మా పెద్దమ్మకు చూపించేవారు. ఆమె చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేది. అంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత తుపుక్కున ఉమ్మి తీర్పు చెప్పేది. ఉప్పగా ఉంటే పెచ్చులు ఊడుతుంది. పళ్ల కింద కరకరమంటే నున్నగా రాదు. నేను నవ్వితే మొట్టికాయ పడేది. "నవ్వేటిరా గుంటడా? నీ నోటికి సేపల పులుసు తెలుస్తాది. నా నోటికి గోడ తెలుస్తాది."

పూత ఆరేదాకా వాకిట్లో కాపలా కూర్చునేది. ఎవరైనా ఆనుకోబోతే, "అదేటి, నీ అత్తోరి గోడా?" అని అరిచేది. నేను బడి మానేసినప్పుడు మాత్రం అరవలేదు. "బడి నేకపోతే పోయింది. కళ్లున్నాయి కదా, సదువుకో" అంది. పకోడీలు కట్టిన కాగితం కూడా విప్పి చదివించేది. తనకు అక్షరం రాదు, అయినా నేను మధ్యలో వదిలేస్తే కనిపెట్టేసేది. ఈరోజు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అదే కారణం.

ఊరి పైన పాత రాళ్ల క్వారీ ఒకటి ఉంది. రెండేళ్ల కిందట లారీలు వచ్చి అందులో ముదురు గోధుమరంగు పొడి పోసి పోయాయి. "ఇనపమట్టి, మంచిదే" అన్నాడట డ్రైవరు. ఆడవాళ్లు గంపెడు తెచ్చారు. పెద్దమ్మ నాలుక మీద వేసుకుంది. ఉప్పు తగల్లేదు, కరకర లేదు. "జల్లెడ పట్టక్కర్నేదే, మొకానికి రాసుకునే పౌడర్లాగుంది" అని మురిసిపోయింది. ఆ ఏడాది ఊళ్లో చాలా ఇళ్లు ఆ రంగే. మరుసటి ఏడూ అదే.

ఆమె పరీక్షలో తప్పు లేదు. అది కొండ ఇచ్చిన మట్టికి పెట్టే పరీక్ష. ఈ పొడిని కొండ ఇవ్వలేదు.

అదేమిటో నాకు ఈ ఏడాది తెలిసింది. కొండ దిగువన, సాలూరు వెళ్లే దారిలో ఒక షెడ్డులో పనికి చేరాను. ఉక్కు ఫ్యాక్టరీల కొలిముల్లో పాత ఇనప తుక్కు కరిగిస్తారు. తుక్కుకు ఉన్న జింకు పూత, రంగుల్లోని సీసం పొగై లేస్తాయి. ఆ పొగను గుడ్డ సంచుల్లో పట్టి దులిపితే వచ్చే బూడిద మా షెడ్డుకు వస్తుంది. లోడు రాగానే గుప్పెడు తీసి ల్యాబుకు పంపాలి. జింకు బాగా ఉంటే దాన్ని తీసేవాళ్లకు అమ్ముతారు. ఇనుము ఎక్కువుంటే ఉండలు చేసి మళ్లీ కొలిమికి పంపుతారు. దేనికీ పనికిరానిదాన్ని సున్నం, సిమెంటు కలిపి గట్టిపరిచి, నీరు దిగని గుంతలో పాతిపెట్టాలి. ఇదంతా ఫోన్లో చదివి, పక్కవాణ్ణి అడిగి నేర్చుకున్నాను. పాతిపెట్టడానికి ఖర్చవుతుంది. అందుకని పనికిరాని లోడు గేటు దగ్గరే వెనక్కి తిరిగేది. ఎక్కడికి పోతుందంటే ఎవడూ చెప్పేవాడు కాదు.

పనిలో చేరాక ఇంటికి రావడం అదే మొదలు, అదీ చావుకు. గోడకు ఆనించి కూర్చోబెట్టిన పెద్దమ్మను చూశాను. తర్వాత గోడను చూశాను. వేలితో గీస్తే, రోజూ నేను ఒంటి మీద నుంచి కడుక్కునే రంగే వేలికి అంటింది.

దినం నాడు మైల పోవాలని ఇల్లంతా మళ్లీ పూయాలి. వదిన గంపతో క్వారీకి బయలుదేరింది. అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో. అత్త మెచ్చిన మట్టి. ఆమె దినానికి వేరేది ఎయ్యమంటావా?"

"మట్టి కాదొదినా. కొలిమి బూడిద. సీసం ఉంటాది."

"ఏటి, నాలుగు నెల్లు షెడ్డులో పనిజేసి డాక్టరైపోనావా? అత్త నోట్లో ఏసుకుని సూసింది!"

"మా షెడ్డులో దీన్ని ముట్టుకున్న సేత్తో బువ్వ ముట్టనివ్వరు. మూతికి గుడ్డ నేకపోతే లోపలికి రానివ్వరు. మన ఇంట్లో గుంట ఈ గోడ పక్కనే పడుకుంటంది."

వదిన వెనక్కి తిరిగి చూసింది. ఆమె కూతురు, రెండేళ్ల గుంట, గోడ మూల పెళ్లలు గిల్లుకుంటూ కూర్చుంది. మూతి చుట్టూ గోధుమరంగు. వదిన చేతిలోంచి గంప జారిపోయింది.

గుంటను అన్నకిచ్చి దూరం పంపాం. పొడిగా గీకితే దుమ్ము లేస్తుందని గోడలు బాగా తడిపించాను. మూతులకు గుడ్డలు కట్టుకుని కొడవళ్లతో గీకాం. పెద్దమ్మ చేతిపని అంతా ముద్దలు ముద్దలుగా కింద పరిచిన పట్టా మీద పడింది. ఏడుస్తూనే గీకింది వదిన. పక్కిళ్లవాళ్లు వచ్చి చూశారు. ఇద్దరు వెళ్లి కొడవళ్లు తెచ్చుకున్నారు. మిగతావాళ్లు వెళ్లిపోయారు.

సంచులకెత్తి మూతులు కట్టాక, మా షెడ్డు గేటుకు లోడ్లు తెచ్చే లారీల కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. వెనక్కి పట్టుకుపొమ్మన్నాను.

"దానికింత గోలేటి? క్వారీలోనే పోసీ. ఈ వారం ఇంకో లోడు ఎలాగూ వస్తాది" అన్నాడు.

దీనివల్లే పెద్దమ్మ పోయిందని నేను రాయను. కాదని రాసే హక్కు కూడా ఎవడికీ లేదు. ఇది చదివేవాళ్లకు ఒకటే చెబుతున్నాను. మీ ఊరి మీదికి ఊరికే పోస్తామని ఎవడైనా మట్టి తెస్తే, లారీ నుంచి దింపనివ్వకండి. ఎక్కడ పుట్టిందో అడగండి. క్వారీ కింద మేం నీళ్లు తెచ్చుకునే గెడ్డ ఉంది. వానలు దగ్గరకొచ్చాయి.

ఆ సాయంత్రం వదిన గుంటను రాతి మీద కూర్చోబెట్టి చేతులు కడిగింది. పిడికిలి తెరవనని గుంట మొరాయించింది. వదిన ఒక్కో వేలూ విప్పి సబ్బు పెట్టింది, మళ్లీ పెట్టింది. రాతి మీద నుంచి కారే నీళ్లు చివరికి తేటపడ్డాయి. అరచేతి గీతల్లో ఆ రంగు అలాగే ఉంది.