హెడ్‌ఫోన్లలో రాని గొంతు

మా ఊరు పెర్కిట్‌లో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీ పని చేస్తాను. ఈ ఉదయం మీటింగ్‌లో హెడ్‌ఫోన్లు మూగబోయాయి. వైరు తీసి మళ్లీ పెట్టాను, వాల్యూమ్ పెంచాను. లాభం లేదు. తెర మీద మా మేనేజర్ సార్ పెదవులు కదులుతుంటే మర్యాదకు తలూపుతూ కూర్చున్నాను.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది.

"ఏందిరా, మీ సారు సోమవారం సంది హైదరాబాద్ ఆఫీసుకు రమ్మంటుండు. నువ్వు సరేనని తలకాయ ఊపుతున్నవంట!"

"నీకెట్ల తెల్సు?"

"నా పాటల డబ్బల గాయినే మాట్లాడుతుండు."

కంప్యూటర్ శబ్దమంతా వంటింట్లో అమ్మ పాటలు వినే బ్లూటూత్ స్పీకర్‌కు పోతోంది. సెట్టింగ్స్‌లో హెడ్‌ఫోన్లు ఎంచుకునేసరికి మీటింగ్ అయిపోయింది.

పొలంలో పసుపు ఉడకబెట్టే పని ఇంకా సగంలోనే ఉంది, సోమవారంలోగా తెమిలేలా లేదు. నేను తల పట్టుకుంటే అమ్మ, "గొంతు మాత్రం మస్తుగున్నది ఆయినది" అంది.

ఊపిన తలను వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి.