ఏటి ఒడ్డుకు దిగిపోయిన రాతి ఇల్లు

ఓవర్సీరునన్న మాటే గానీ, ఈ రోజు ఒక ఇంటిని వెతుక్కుంటూ తిరిగాను.

పోయిన ఏడాది కుందూ నది వరదలో గుడిసెలు కొట్టుకుపోయినవాళ్లకు మైదుకూరు దగ్గర మిట్ట మీద రాతి ఇళ్లు నిలబెట్టాం. బేతంచెర్లలో కొలతకు కోయించిన బండలను గాడి చెక్కిన రాతి స్తంభాల మధ్య దించితే గోడ అయిపోతుంది. ఈ రోజు తనిఖీకి పోతే హుసేనప్ప ఇల్లు లేదు, పునాది మాత్రమే ఉంది.

ఎండలో మైలు దూరం దిగి చూస్తే, ఏటి ఒడ్డున పాత గుడిసె చోటే ఆ ఇల్లు నిలబడి ఉంది.

"ఇదేం పని హుసేనప్పా? మళ్లీ వరదొస్తే?"

"ఊడదీసి యాడికంటే ఆడికి తోలుకోవచ్చని మీరే అంటిరి గద సామీ. వరద ఎప్పుడో వస్తాది. నీళ్లు దినామూ కావల్ల. మిట్ట మీద యాడుండాయి? నా పెండ్లాం కడుపుతో ఉండి మైలు దూరం బిందె మోస్తాండె."

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. మిట్ట మీద బావి తవ్వించమని నేనే రెండుసార్లు పైకి రాశాను, జవాబు రాలేదు. ఆయన భార్య చెంబుతో నీళ్లిస్తే తాగి వచ్చేశాను.

ఇందాక రిపోర్టులో, హుసేనప్ప ఇల్లు చెక్కుచెదరలేదని రాశాను. ఎక్కడుందో రాయలేదు. మీరైతే ఏం రాసేవారు?