విమల ఇంటి వంటా వార్పు

రోజూ తెల్లవారుతూనే విమల కూరగాయ తరిగి గోరువెచ్చని నీళ్లలో నానబోసి, ఆ తరవాతే ప్రార్థనకు కూర్చునేది. ఆమేన్ అనేసరికి ముక్కలు నానేవి. ఆ నీళ్లు పారబోసి, గిన్నె నిండా వేరే నీళ్లు పోసి ఉడికించి, అన్నానికి గంజి వార్చినట్టే కూరనూ వార్చేసేది. ఆనపకాయైనా బీరకాయైనా దాని సారమంతా తూములోకి పోవలసిందే. ఆమెకు రెండు మూత్రపిండాలూ చెడిపోయి ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి పోయి, యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకుని వచ్చేది. పదిమందికి బలమిచ్చే కూర సారమే తనకు విషమని అక్కడి నర్సమ్మ నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పింది. చింతపండు వద్దంది, టమాటా వద్దంది, కొబ్బరి వద్దంది. ఉప్పు చిటికెడంటే చిటికెడే. మంచినీళ్లు కూడా కొలిచి తాగాలంది.

విమలది పాలకొల్లు పక్కన ఒక పల్లె. తండ్రి అక్కడి ప్రభువు గుడిలో ఆదివారం గంట కొట్టేవాడు. ఆనందరావు చేయి పట్టుకుని హైదరాబాదు వచ్చేనాటికి హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఒకటొకటిగా లేస్తున్నాయి. అలాంటి ఒక మేడలో అతను ఎలక్ట్రీషియను. కొత్తగూడ చౌరస్తాకు ఆనుకున్న సందులో అంజమ్మగారి మేడమీది రెండు గదుల్లో అద్దెకు దిగారు. పిల్లలు కలగలేదు. కలగలేదన్న బాధను విమల వంటలో మరిచిపోయేది. సంఘంలో అందరూ కలిసి తినే ప్రేమవిందు అంటే చేపల పులుసు ఆమె చేతిదే కావాలి. "వదినా, మీ పులుసు వాసనకే ఆకలేస్తోంది, ప్రసంగం చెవికెక్కడం లేదు" అని కుర్రకారు ఏడిపించేవారు.

జబ్బు చేసిన కొత్తలో విమల రెండు పొయ్యిల లెక్క వేసుకుంది. తనకు చప్పిడి, ఆయనకు మామూలు కూర. మొదటిరోజు రెండు గిన్నెలూ ముందు పెట్టగానే ఆనందరావు పులుసు గిన్నె పక్కకు జరిపాడు.

"ఇదెవరికి?"

"మీకేనండి. నాతోపాటు మీరెందుకు చప్పిడి తినడం?"

"పెళ్ళిలో పాస్టరుగారు అడిగితే కలిమిలోనూ లేమిలోనూ అని ఇద్దరం తలూపాం కదే. కూర మాత్రం విడివిడిగా అని ఆయన చెప్పలేదే!"

నవ్వుతూనే అన్నాడు. కానీ మర్నాటినుంచి ఇంట్లో ఒకే గిన్నె పొయ్యి ఎక్కింది. పొద్దున "ఇవాళ ఏం వండమంటారండి?" అంటే "నువ్వేది తింటే అదే" అనేవాడు. ఆఫీసుకు క్యారియరులోనూ అదే. తోటివాళ్లు పచ్చడి ముక్క అందించినా, "వద్దురా, మొక్కు" అనేవాడట.

విమల ఊరినుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీని అంజమ్మకిచ్చేసింది. నెల సరుకుల్లో చింతపండు తగ్గింది, ఎండుమిరప తగ్గింది, కందిపప్పు సగమైంది.

"ఏందమ్మా, మీ ఇంట్ల ఉప్పు పాకీటు ఎన్నడు ఒడుస్తదో జర చెప్పు! అందరు మీ లెక్కనే ఉంటే నేను దుకాణం బందువెట్టుకోవాలె" అని వీధి చివర కిరాణా లింగమూర్తి పరాచికమాడేవాడు. ఆమె సంగతి తెలిశాక మాత్రం ఆ మాట మళ్లీ అనలేదు. తెల్లసొన ఆమెకు మంచిదని ఎవరో చెప్పగా విని, గుడ్లు ఏరి పెద్దవే సంచిలో పెట్టేవాడు.

ఒక్క సంగతి విమలను ముల్లులా గుచ్చేది. యంత్రం ఖర్చు సర్కారు కార్డు మీద వెళ్లిపోయినా, రక్తం పట్టడానికి వేసే సూదిమందు బయట కొనాలి. సరుకుల్లో మిగిలిందే దానికి సరిపోతోంది. ఆయన చప్పిడి తినబట్టే తన మందు వస్తోంది. ఆ లెక్క ఆమెకు తెలుసు. తెలిసే, "మీకు వేరే వండుతానండి" అని రెండోసారి గట్టిగా పట్టుబట్టలేదు. ఆయన చొక్కా కాలరు మెడచుట్టూ వదులై వేలాడుతుంటే, వయసు మీదపడుతోందిలే అనుకుని తనకు తానే సర్దిచెప్పుకునేది. ప్రార్థనలో మాత్రం ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

అవి తెలంగాణ కోసం ఊరంతా ఉడికిపోతున్న రోజులు. బందు అని తెలిస్తే విమల ముందురోజే కూరలు తెచ్చుకునేది. ఆసుపత్రి రోజున బందు వచ్చిందంటే మాత్రం గుండె గుభేలుమనేది. ఒకసారి అలాగే ఆనందరావు స్కూటరు వెనక కూర్చుని పోతుంటే చౌరస్తాలో జెండాలవాళ్లు ఆపారు. ఆమె చేతికున్న పట్టీ చూసి ఒకతను పక్కవాళ్లను తోశాడు. "దవాఖానకు పోతున్నరు, తొవ్వ ఇడువున్రి! అమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అంటూ బారికేడు తానే జరిపాడు. ఏ ఊరు, ఎవరు అని అడగలేదు. ఆ పిల్లవాడికోసం విమల చాలారోజులు ప్రార్థన చేసింది.

ఆ జూన్‌లో ఒక ఆదివారం వంటా వార్పుకు పిలుపొచ్చింది. బళ్లు కదలనివ్వకుండా రోడ్లమీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూర్చుని తినడమన్నమాట. సందు మొదట్లో పెట్టే పొయ్యికి పెద్దదిక్కు అంజమ్మే. పొద్దున్నే మేడమీదికొచ్చి పెద్ద గంటె అడిగింది. విమల తూము దగ్గర ముక్కలు వారుస్తుండడం చూసి నడుము మీద చెయ్యి వేసుకుంది.

"ఓసి నీ! మేమంత ఇయ్యాల మొదలువెడుతున్నం గని, నువ్వు ఏడాది సంది దినాం వంటా వార్పేనాయె! నిన్నే లీడర్‌ను జేసి ముందల కూసోవెట్టాలె."

"అయితే తెలంగాణ నావల్లే వస్తుందన్నమాట అక్కా" అంది విమల. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆరోజు నీరసంగా ఉండి విమల గుడికి వెళ్లలేదు. బస్సుల్లేక, ఆరాధన ముగించుకుని ఆనందరావు నడిచి వస్తాడని తెలుసు. ఆయన కోసం చూస్తూ మేడమెట్ల మీద, ఆరేసిన చీర చాటున నీడకు నిలబడింది. కింద సందు మొదట్లో బగారన్నం పొగలు కక్కుతోంది. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన పచ్చిపులుసు బకెట్లలో ఉంది. ఆ వాసన మెట్లదాకా వచ్చింది.

ఆనందరావు తల దించుకుని, జనం పక్కనుంచి ఒదిగి పోబోయాడు. అంజమ్మ ఊరుకుంటుందా!

"ఓ మరిదీ! గట్ల దొంగలెక్క పోతవేంది? కూసో!"

"వద్దొదినా, ఇంట్లో వండే ఉంటుంది."

"ఆంధ్రోణ్ణని జంకుతున్నవా? మా ఉప్పు తింటే మావోడివే అయితవ్. ఏయ్, మా మరిదికి ఇస్తరెయ్యున్రి!"

ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టారు. ఎవరో వడ్డించారు. ఆనందరావు ఒకసారి మేడవైపు చూశాడు. చీర చాటున ఉన్న విమల కనబడలేదు. కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ తరవాత ఇంక తల ఎత్తలేదు. పెళ్లినాటినుంచీ ఆయన తినడం ఆమె చూస్తూనే ఉంది. ఇలా తినడం ఎన్నడూ చూడలేదు. ముద్ద మింగకముందే ఇంకో ముద్ద. పచ్చిపులుసు దోసిట్లో పోయించుకుని జుర్రుకున్నాడు. మారు అడగడానికి సిగ్గుపడి విస్తరినే ముందుకు జరిపాడు. వేళ్లు నాకాడు. వడ్డించే ముసలాయన, "నిమ్మలంగ తినవయ్యా, పొలమారుతది" అని వీపు నిమిరాడు. ఆకలి తీరిన పసివాడిలా ఆనందరావు ఆయనకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇంట్లో ఎప్పుడు ఆరిపోయిందో విమలకు గుర్తురాలేదు.

'ప్రభువా, ఆయన్ని నేను మాడ్చి, ఆ డబ్బుతో నా ఊపిరి కొనుక్కుంటున్నానయ్యా' అనుకుంది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన వస్తున్న అలికిడికి లోపలికొచ్చి, ఎరగనట్టు కంచం కడుగుతూ నిలబడింది. ఆనందరావు తిన్నగా గది బయటి పంపు దగ్గరికి పోయి సబ్బుతో చేతులు తోముకున్నాడు. మళ్లీ తోముకున్నాడు. నోరు పుక్కిలించాడు. వచ్చి పీటమీద కూర్చున్నాడు.

"ఆకలి దంచేస్తోందే. పెట్టు."

విమల పెట్టింది. వార్చిన ఆనపకాయ, అన్నం. కడుపులో చోటు లేని మనిషి ఒక్కొక్క మెతుకూ ఏరి తిన్నాడు. "ఇవాళ బాగా కుదిరిందే" అన్నాడు. ఇంకాస్త వెయ్యమన్నాడు కూడా. ఆమె గంటె ఎత్తబోయి మళ్లీ గిన్నెలోనే పెట్టేసింది. ఆయన అది నీరసమనుకుని, "నువ్వు కూర్చో, నేనే వేసుకుంటా" అని గంటె అందుకున్నాడు.

చూశానని అంటే ఆ విస్తరి కూడా ఆయనకు మళ్లీ దక్కదని ఆమెకు తెలుసు. చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తమని ఉపవాసం ఉంటాడు, అంతటి మనిషి.

మర్నాడు ఆసుపత్రిలో నర్సమ్మ ఆమె చేతి నరం మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది. యంత్రానికి రక్తం అందడానికి చేతిలో రెండోసారి వేసిన దారి కూడా మూసుకుపోతోందట. పెద్ద డాక్టరుగారు ఆనందరావును పక్కకు పిలిచి మాట్లాడారు. "ఏమన్నారండి?" అంటే, "ఏముంది, ఇంకో చేతికి వేస్తారట" అని గోడ చూస్తూ చెప్పాడు. ఇంకో చేతికి వేయించుకునే ఒంటి బలం తనకు లేదని విమలకు అప్పటికే తెలుసు. కానీ తెలుసని ఆయనకు చెప్పలేదు. స్కూటరు మీద వస్తూ ఆయన వీపుకు తల ఆనించుకుంది. చొక్కా కింద ఎముకలు తగిలాయి.

సాయంత్రం అంజమ్మ కింద పంపు దగ్గర వంటా వార్పు గిన్నెలు తోముతోంది. విమల మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి వచ్చి, పక్కన బోర్లించిన డేగిసా మీద కూర్చుంది.

"ఎందుకు దిగినవే? కేకేస్తే నేను రానా?"

"అక్కా, మీతో ఒక పని పడింది."

"చెప్పు."

"ఆయన్ని రోజూ ఏదో ఒక వంకతో కిందికి పిలవండి. మోటారుకు నీళ్లెక్కట్లేదనండి, ఫ్యూజు పోయిందనండి. పనికి పైసా పుచ్చుకోరు గానీ, పనిచేసిన ఇంట్లో అన్నం పెడితే కాదనలేరు. పప్పుచారో, పచ్చిపులుసో, మీరేది వండితే అది. నేను చెప్పానని మాత్రం తెలియనివ్వొద్దు. తెలిస్తే ముట్టరు."

అంజమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. "నిన్న... చూసినవా?"

విమల తలూపింది.

"నేనే జబర్దస్తీ కూసోవెట్టిన చెల్లె. నీ మొగని తప్పేం లేదు."

"తప్పు ఆయనదని ఎవరన్నారక్కా? మీరు కూర్చోబెట్టబట్టే నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఆ పుణ్యం మీదే."

"రోజుకో మోటారు చెడగొట్టుడు నాతోని అయితది తియ్. నువ్వు పరేషాన్ గాకు." అంజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ గిన్నె అందుకుంది. "ఇగ పైకి పో. గాలి తగుల్తది."

విమల లేవలేదు. అంజమ్మ బూడిద చెయ్యిని అలాగే తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకొకటుందక్కా. నన్ను సమాధి చేసి వచ్చిననాడు..."

"నోర్ముయ్! గవేం మాటలే?"

"చెప్పనివ్వండి. మీరు వినండి. ఆరోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించరు. మీరే అన్నం తెస్తారు, నాకు తెలుసు. ఆయన నా పేరు చెప్పి చప్పిడి పట్టుకుని కూర్చుంటారు. సాగనివ్వకండి. కూరలో ఉప్పు సరిగా వేసి, మొదటి ముద్ద మీ చేత్తోనే పెట్టండి. అప్పుడు మాత్రం, విమల తినమందని చెప్పండి."