గడియ మాస్టారి క్లాసు

మా పై అంతస్తులో కొత్తగా చేరినవాళ్ళెవరో ఇంకా నూలు చీరలకు గంజి పెడుతున్నారు. ఈ కాలంలో! పొద్దున్నే వాళ్ళ బాల్కనీలోంచి ఆ పులుపూ కమ్మదనం కలిసిన వాసన కిందికి దిగి నా కాఫీ గ్లాసు చుట్టూ తిరుగుతుంది. గంజి వాసన తగిలితే ఎవరికైనా అమ్మ గుర్తుకు రావాలి, లేదా ఆకలి గుర్తుకు రావాలి. నాకు ఎకనామిక్స్ మాస్టారు గుర్తుకొస్తారు. ఆ మాట ఇంట్లో ఎవరితోనైనా అందామంటే, ఇంట్లో ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

ఆయన పేరు శేషాచలం గారు. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, బెజవాడలో నేను బి.ఏ. చదివిన కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. ఆరడుగుల మనిషి, ఉరుములాంటి గొంతు. ఆయన వరండాలో అడుగుపెడితే రెండువందల మంది విద్యార్థులం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఇలా చెప్పడం నాకలవాటు, క్షమించాలి. నిజానికి మా క్లాసులో ముప్పై మంది కూడా ఉండేవాళ్ళు కాదు. మాస్టారు నా భుజం దాకా వచ్చేవారు. గొంతు ముక్కులోంచి వచ్చేది. ఊపిరి బిగబట్టిన మాట మాత్రం నిజం.

మొదటిరోజు ఆయన పుస్తకం తెరవలేదు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "పాఠం రేపు. ఇవాళ మన మధ్య ఒప్పందం," అన్నారు. "గంట మోగడం ఆగగానే తలుపు మూతపడుతుంది. తలుపు పక్కన కూర్చున్నవాడు లేచి గడియ వేస్తాడు. నా మొహం చూడనక్కర్లేదు. వేసిన గడియ క్లాసు అయ్యేదాకా తియ్యం. బయట ఉండిపోయినవాడు వరండాలో బెంచీ మీద కూర్చోవచ్చు. కిటికీ మూయం గనక వినబడినంత వినవచ్చు. హాజరు మాత్రం పడదు. ఒకడికి బదులు ఇంకొకడు ప్రెజెంట్ సార్ అన్నాడా, ఇద్దరూ బెంచీ మీదికే. తెలియని ప్రశ్న వస్తే నేల చూపులు చూడకండి. తెలియదండీ అని గట్టిగా చెప్పండి, అది తప్పు కాదు. ఇంకొకటి. పుస్తకంలో ఇంగ్లండు గోధుమలుంటాయి, ఇంగ్లండు ఉన్ని ఉంటుంది. అవి మీరూ చూడలేదు, నేనూ చూడలేదు. మీరు చూసింది చెప్పండి. చూడనిది నా క్లాసులో చెప్పకండి."

తలుపు పక్కన కూర్చున్న రంగారావు లేచాడు. ఉయ్యూరు వైపు చెరకు రైతు కొడుకు. సిల్కు లాల్చీ, ఊరుకోని నోరు.

"మరి మీరే ఆలస్యంగా వస్తేనో సార్?"

"నాకూ అదే గడియ," అన్నారు మాస్టారు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. సాయంత్రానికల్లా ఆయనకు గడియ మాస్టారని పేరు స్థిరపడిపోయింది. గడియ వేసే ఉద్యోగం రంగారావుకు స్థిరపడింది.

మాది మంగళగిరి. రోజూ రైల్లో కృష్ణ దాటి వచ్చేవాణ్ణి. బండి ఎప్పుడూ ఆలస్యమే. సైనికుల బండ్లకు దారి ఇవ్వడానికి మమ్మల్ని వంతెన ముందు ఆపేసేవాళ్ళు. పట్టాల మీద ఏనుగులు పడుకున్నట్టు గంటలకు గంటలు కదిలేది కాదు. మాస్టారితోనూ ఇలాగే చెప్పాను, ఏనుగులు తప్ప. మీతో నిజం చెబుతాను. బండి దాదాపు ఎప్పుడూ వేళకే వచ్చేది. దాన్ని అందుకోలేనిది నేను.

మాది నేత ఇల్లు. మగ్గానికి ఎక్కించే ముందు, నిలువు పోగుల పడుగును తెల్లవారుజామున వీధి పొడవునా చాచి, పోగులకు గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి. చెరో కొసనా మనిషి కర్ర పట్టుకుని బిగువు తప్పకుండా నిలబడాలి. మధ్యలో వదిలితే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఆ పడుగు ఇక ఎందుకూ పనికిరాదు. మబ్బు పట్టిందంటే ఎంతసేపైనా నిలబడవలసిందే. కుంచె నాన్నది, ఒక కొస అమ్మది. మా అన్న బొంబాయి మిల్లుకు వెళ్ళిపోయాక ఆ రెండో కొస నాది. పడుగు వేసిన రోజున కాలేజీ వేళకు అందే బండి నా చెవుల్లో కూత కూసి వెళ్ళిపోయేది. తర్వాతి బండికి వచ్చేసరికి గడియ పడిపోయి ఉండేది. సిల్కు లాల్చీల మధ్య గంజి మాట ఎత్తడం నాకు చేతకాలేదు. రైలు మీద పెట్టడం తేలిక.

ఆ బెంచీ గురించి చెప్పాలి. లోపల తోటివాళ్ళందరూ ఉంటారు. గోడకివతల నేనొక్కణ్ణే. మాస్టారు ప్రశ్న అడుగుతారు, జవాబు నాకు తెలుసు, చెప్పడానికి వీల్లేదు. అందరూ ఘొల్లున నవ్వుతారు, దేనికి నవ్వారో సగమే వినబడుతుంది. ఆ మిగతా సగం కోసం చెవి ఒగ్గి కూర్చోవడం ఎలా ఉంటుందో అలా కూర్చున్నవాడికే తెలుస్తుంది. మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలు తినేటప్పుడు, "ఎందుకు నవ్వార్రా?" అని అడిగితే, "అదేం లేదులే," అనేవాళ్ళు. కొన్నాళ్ళకు అడగడం మానేశాను.

చాలా రోజులకు ఒక సంగతి గమనించాను. నేను బయట ఉన్నప్పుడు మాస్టారి గొంతు దగ్గరగా వచ్చేది. తొంగి చూస్తే, బల్ల దగ్గరుండవలసిన మనిషి కిటికీ చువ్వలకు ఆనుకుని నిలబడి చెబుతున్నారు. ఒకరోజు జల్లు కొట్టి ఆయన కోటు భుజం తడిసిపోయింది. జరగలేదు. నా వైపు చూడనూ లేదు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

దసరా సెలవులకు ముందు గుమాస్తా నన్ను పిలిచి హాజరు బాగా తక్కువైందనీ, ఇలాగే సాగితే ఎకనామిక్స్ పరీక్షకు కూర్చోనివ్వరనీ చెప్పాడు. మాస్టారు ఒక్క మాట సిఫారసు చేస్తే ప్రిన్సిపాలు గారు మాఫీ చేయవచ్చునట. మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకోయ్ ఆలస్యం?" అన్నారు మాస్టారు.

"బండి ఆలస్యమండీ."

"రోజూనా?"

"వారానికి రెండు మూడు సార్లండీ."

"నేను చూడలేదే. చూడనిది ఎలా రాయమంటావు?"

అంతే. ఇక దారి మూసుకుపోయిందనుకుని బయటికొచ్చాను. ఆయన మాటకు ఆయన ఏమర్థం చెప్పుకున్నారో సెలవులయ్యాక తెలిసింది.

కాలేజీ తెరిచాక ఒకరోజు మా వీధిలో పడుగు వేశాం. గంజి కుండ తేవడానికి నేను లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా కొస దగ్గర కోటూ తలపాగా వేసుకున్న మనిషి రెండు చేతులా కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాస్టారు! నా బండి ఎంత ఆలస్యమవుతుందో కళ్ళారా చూసి, అదే బండిలో నాతో తిరిగి వద్దామని పొద్దుటి బండికి దిగి, ఇంకా వేళ ఉంది కదా అని మా వీధి వైపు నడిచారట. మా నాన్న ఆయన్ని కొండ మీది గుడికి వెళ్ళే యాత్రికుడనుకున్నాడు. "స్వామీ, మా వాడొచ్చేదాకా ఆ కర్ర కాస్త పట్టుకోండి," అన్నాడట. మా వీధిలో పడుగు ఉన్నప్పుడు దారినపోయేవాణ్ణి అలా పిలవడం ఉంది. ఎవరూ కాదనరు.

"నాన్నా, ఈయన మా మాస్టారు!" అన్నాను.

"అయ్యో," అన్నాడు నాన్న. కుంచె మాత్రం ఆపలేదు. "ఒరే పానకాలూ, చూస్తావేంరా! ఆ నడిమిన పోగులు తెగాయి, ముందు అతుకు."

తెగిన పోగులు అతుకుతూ కూర్చున్నాను. ఎండ సరిగా కాయడం లేదు. ఇంతలో స్టేషను వైపునుంచి కూత వినబడింది.

"బండి వేళకే వచ్చినట్టుందే?" అన్నారు మాస్టారు.

"ఇవాళ వచ్చిందండీ."

ఆయన నన్నూ, పడుగునూ, చేతిలో కర్రనూ మార్చి మార్చి చూశారు. "వదిలెయ్యవచ్చా?"

"వదలకూడదండీ. అంటుకుపోతాయి."

ఆయన కర్ర ఇంకాస్త బిగించి పట్టుకున్నారు. బండి కూత కృష్ణ వైపు సాగి సాగి సన్నబడిపోయేదాకా వింటూ నిలబడ్డారు. పడుగు ఆరాక మా అమ్మ మజ్జిగ ఇవ్వాలా వద్దా అని గుమ్మంలో తటపటాయిస్తుంటే, ఆయనే, "ఇవ్వమ్మా," అని అడిగి తాగారు.

తర్వాతి బండికి ఇద్దరం బెజవాడలో దిగి, ఇంచుమించు పరిగెత్తుకుంటూ కాలేజీకి వెళ్ళాం. తలుపు మూసి ఉంది. రంగారావు తన ఉద్యోగం తాను చేశాడు. తట్టబోయాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపి, బెంచీ మీద కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. "కూర్చోవోయ్, అది నీ చోటే," అన్నారు.

లోపల కోలాహలంగా ఉంది. ఇంతలో ముక్కుతో మాట్లాడే గొంతొకటి లేచింది. రంగారావు.

"ఒప్పందం! కృష్ణ పొంగినా గడియ తియ్యను! మీ తాత వచ్చినా తియ్యను! ఏమోయ్, ఇంగ్లండు ఉన్ని నువ్వు చూశావుటోయ్?"

క్లాసు విరగబడి నవ్వింది. నేను బెంచీ కిందికి దూరిపోదామనుకున్నాను. మాస్టారు తల వంచుకుని వింటున్నారు.

"నేను ముక్కుతో అంత మాట్లాడతానా?"

"కొంచెం అండీ."

లోపల ఎవరో అడిగారు: "ఒరే, మరి ఈయన ఇంటికెళ్తే గడియ ఎవరు తీస్తార్రా?"

"తియ్యడానికి ఎవరున్నార్రా? అందుకే మన మీద వేస్తున్నాడు!" అన్నాడు రంగారావు.

ఈసారి నవ్వు ఇంకా ఎక్కువసేపు సాగింది. ఆయనకు పిల్లలు లేరు. భార్య పోయి చాలాకాలమైంది. కాలవ ఒడ్డున ఒక గది, పూటకూళ్ళ ఇంట్లో భోజనం. అది ఊరందరికీ తెలుసు. మాస్టారు తన అరచేతుల్లో ఎండిపోయిన గంజిని గోటితో గీకుతూ కూర్చున్నారు.

"చూడకుండా చెప్పాడు గానీ," అన్నారు చివరికి, "నిజమేనోయ్."

అప్పుడే ప్రిన్సిపాలు గారు ఆ దారిన వచ్చి నిలబడిపోయారు. "ఏమండీ శేషాచలం గారూ, ఇక్కడ కూర్చున్నారేమిటి? క్లాసు లేదూ?"

"ఉందండీ. గంట మోగాక వచ్చాను."

"అయితే ఏం? తలుపు తీయిస్తాను, ఉండండి."

"వద్దండీ. ఈ కుర్రాడికి ఎప్పుడూ తియ్యలేదు."

గంట మోగాక గడియ తీసిన రంగారావు, ఎదురుగా మమ్మల్ని చూసి కొయ్యబారిపోయాడు. మాస్టారు లేచి కోటు దులుపుకుని, "గొంతు బాగా పట్టావోయ్. ముక్కు కాస్త తగ్గించు," అని వెళ్ళిపోయారు.

నా పాత ఆబ్సెంట్లను ఆయన మాఫీ చేయించారని చాలామందికి చెప్పాను. వినేవాళ్ళకు కన్నీళ్ళు కూడా వచ్చేవి. అది జరగలేదు. ఒక్కటి కూడా దిద్దనన్నారు. ప్రిన్సిపాలు గారిని బతిమాలి తన క్లాసును మధ్యాహ్నానికి మార్పించుకున్నారు, అంతే. అందుకోసం లెక్కల మాస్టారితో మాటపట్టింపు వచ్చి, స్టాఫ్ రూములో ఆయనతో మాట్లాడే ఒకే ఒక్క మనిషీ మాట్లాడడం మానేశారు. ఆ పైన నేను ఒక్క క్లాసూ తప్పలేదు. హాజరు అంచుకు చేరి గట్టెక్కింది.

కానీ పరీక్ష యూనివర్సిటీది. అది పొద్దున్నే. దాన్ని మధ్యాహ్నానికి జరపడం ఎవరి తరం? చివరి రోజు మాస్టారు నన్ను ఆపి, "పరీక్షనాడు పడుగు లేదు కదా?" అన్నారు.

"తెలియదండీ," అన్నాను గట్టిగా. ఆ రోజుల్లో నూలు కంట్రోలు. వారాల తరబడి దొరకదు, దొరికితే వీధి వీధికంతా ఒకేసారి దొరుకుతుంది.

సరిగ్గా పరీక్షకు ముందే నూలొచ్చింది. మగ్గాలు ఖాళీగా ఉన్న ఇళ్ళు. ఎవరూ ఒక్క రోజు ఆగే స్థితిలో లేరు. తెల్లవారేసరికి వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా పడుగులే. కర్ర పట్టమని అడగడానికి ఖాళీ చేతులున్న మనిషి లేడు. నాన్న నన్ను ఉండమనలేదు, వెళ్ళమననూ లేదు. గంజి కుండలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉన్నాడు. నేను వెళ్ళి నా కొసన నిలబడ్డాను. పరీక్ష పోయిందని అప్పుడే అనుకున్నాను.

స్టేషను వైపునుంచి మాస్టారు వచ్చారు. కోటు లేదు, తలపాగా లేదు. పాత పంచె, భుజం మీద తువ్వాలు.

"ఇలా ఇయ్యి," అన్నారు.

"మీకు పని లేదాండీ?"

"నాకివాళ క్లాసు లేదు. నీకుంది. బండి రాబోతోంది, పరిగెత్తు."

పరిగెత్తి, వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి చూశాను. ప్రతి పడుగు దగ్గరా ఇంటిల్లిపాదీ ఉన్నారు, కేకలు వేసుకుంటున్నారు, పరాచికాలాడుకుంటున్నారు. మా పడుగు ఈ కొసన మాస్టారు ఒక్కరే. ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరు. తూర్పు ఎండ కళ్ళల్లో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుందామన్నా వీల్లేదు, రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి.

ఆ పరీక్షలో నాకు ఫస్టు క్లాసు వచ్చిందని మా మనవలు నమ్ముతారు. వచ్చింది థర్డు క్లాసు. చెబుదామని కాలవ ఒడ్డున గదికి వెళ్తే తాళం వేసి ఉంది. వేరే ఊరి కాలేజీకి వెళ్ళిపోయారన్నారు. ఏ ఊరో ఎవరూ అడగలేదట. నేను అడుగుతూనే ఉన్నాను, చాలా ఏళ్ళు. తెలియలేదు.

తర్వాత నేనూ పాఠాలు చెప్పాను. గంట ఆగగానే తలుపు మూయించాను, కిటికీ తెరిచి ఉంచాను. ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఎందుకని అడిగేవాణ్ణి కాదు. వేళకు వచ్చినవాణ్ణి అడిగేవాణ్ణి: "నువ్వు ఇక్కడికి రావడానికి ఇవాళ ఇంటి దగ్గర ఎవరు ఆగిపోయారురా?" పిల్లలు నవ్వేవాళ్ళు. ఎవడో ఒకడు నవ్వకుండా తల దించుకునేవాడు.

ఇప్పుడు నేను వేళకు చేరవలసిన చోటంటూ ఏదీ లేదు. నన్ను పంపి తాము ఆగిపోయే మనుషులూ లేరు. ఏమీ తోచనప్పుడు ఆ ప్రశ్న నన్నే అడుక్కుంటాను. ఒక్కొక్క పేరే పైకి వస్తుంది. అందులో మొదటిది మాస్టారిది కాదు. నేను పొద్దుటి క్లాసు అందుకున్న ప్రతి రోజూ, రెండో కొస చూసే మనిషి లేక, నూలున్నా పడుగు వేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్న మా నాన్నది. ఆ పేరు చెప్పుకోవాలని నాకు తెలిసింది మాత్రం మాస్టారి వల్లే.