ఫజెండా, మా నాయనమ్మ ఎవుసం

మా నాయనమ్మ బ్యాంకు ఫారంలో నేను తప్పు రాశాను. ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. 'వృత్తి' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగితే, ఆమె క్యూ అంతటికీ వినపడేలా, "ఎవుసమని రాయి బిడ్డా, ఇంకేం రాస్తవ్?" అంది. ముందున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఊళ్లో ఆమె చేసిందంతా కౌలు సేద్యమే. గుమాస్తా పొలం కాగితాలు అడిగితే ఏం చెప్పాలో తోచక గబగబా 'గృహిణి' అని రాసేశాను. చదవడం రాని నాయనమ్మ ఆ కాగితం మీదే వేలిముద్ర వేసింది.

అప్పటికి ఆమె ఊరు విడిచి, మగ్గాల నగరం అంచునున్న డిండోలికి వచ్చి పదేళ్లు. నాన్న మగ్గాల మీదికి వెళ్లాక, మధ్యాహ్నాలు మేమిద్దరం గది గడపలో కూర్చునేవాళ్లం. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. ఒళ్లో చీర, నోట్లో పత్తిచేను. ఏ వానకు విత్తనం పెట్టిందో, ఏ ఏడు పురుగు తిన్నదో చెబుతూనే ఉండేది. ఆ కత్తెర చప్పుడు లేని మధ్యాహ్నాలు నాకు ఇంకా అలవాటు కాలేదు.

ఒకరోజు చదువుతున్న నవలలో 'అసియెండా' అన్న స్పానిష్ మాట తగిలింది. పెద్ద వ్యవసాయ క్షేత్రమట. ఇంకా వెతికితే పోర్చుగీసులో దాని తోబుట్టువు 'ఫజెండా' దొరికింది. పొలమూ అదే, బట్టా అదే. రెండు మాటలకూ మూలమైన లాటిన్ మాటకు అర్థం 'చేయవలసిన పనులు'. పొలం ఎవరి పేరున ఉందన్న ప్రశ్న అక్కడ లేదు.

చదివినవి ఎవరికీ చెప్పే అలవాటు లేదు నాకు. ఆరోజు నాయనమ్మకు చెప్పాను.

"పొలానికి, బట్టకు ఒకటే మాటనా? గంత కరువేందే వాళ్లకు?" అని నవ్వింది. పనుల సంగతి చెప్పగానే కత్తెర ఆపింది. "గా మాట పెట్టింది ఆడిదే అయ్యుంటది. చేసేదాన్కే ఎరుక."

అప్పుడే ఒప్పేసుకోవాల్సింది. ధైర్యం చాలలేదు.

ఎండాకాలంలో ఆమె ఊరికి, మేనత్త దగ్గరికి బయలుదేరింది. అక్కడే కన్నుమూసింది, ఇక తిరిగి రాలేదు. ఫోను పట్టుకోవడమంటే ఆమెకు పడదు కనుక, ఉధనా స్టేషన్‌లో అన్నవే నాకు మిగిలిన చివరి మాటలు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, చెవి దగ్గర చెప్పాను.

"నాయనమ్మా, బ్యాంకుల నువ్వు చెప్పింది రాయలే. ఇంట్లనే ఉంటదని రాసిన."

"సిగ్గయిందా?"

తలూపాను. ఆమె నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఎవలన్న అడిగితే నేనే చెప్త తియ్యి, నాకు నోరు లేదా? ఇగ దిగు బిడ్డా, బండి కదుల్తంది."