శనివారం కొన్న ఇనుము

మా బావ మంచివాడని ఎవరైనా అంటే నేను అక్కడినుంచి లేచిపోతాను. ఆయన మా ఆయనకు అన్న. జమ్మలమడుగులో మాకు ఒకటే పెరడు, రెండు వంటిళ్లు, ఒకటే స్నానాలగది. దాని గోడలు నిలబెట్టిన నల్లబండలు. లోపలి గడియ దూరే కొక్కెం ఊడితే ఈయనే వచ్చి, బండకు మేకు ఆనించి సుత్తితో బాదాడు. బండ అంచు పెచ్చుగా లేచిపోయింది. "రేపు డ్రిల్లు తెచ్చి ఏస్తాలేమ్మా" అన్నాడు. నాలుగు నెలలు గడిచాయి. డ్రిల్లు ఆయన గదిలోనే ఉంది, తాళం వేసి.

నాకివ్వమంటే, "ఆడోళ్లకేంది దాంతో పని?" అన్నాడు. లారీ మీద తిరిగే మా ఆయన నెలకోసారి వస్తాడు, వచ్చినా అన్న ఎదుట నోరు విప్పడు.

పదో తరగతి చదివే నా కూతురు స్నానం చేస్తుంటే నేను బయట కాపలా ఉండేదాన్ని. ఒకరోజు నేను రేషన్‌కు పోయినప్పుడు, బావ కోసం వచ్చిన మనిషి ఆ తలుపు తోశాడు. పిల్ల అరిచింది. బావ ఏమన్నాడో తెలుసా? "సూస్కోకుండా తోసినాడులే, దానికింత గోలెందుకు?" ఆ రోజు నుంచి నా బిడ్డ ఒంటిమీద బట్టలతోనే నీళ్లు పోసుకునేది.

శనివారం ప్రొద్దుటూరు బస్సెక్కాను. శనివారం ఇంటికి ఇనుము తేరాదంటారు కాబట్టి ఆ రోజు ఇనుప సామాన్ల అంగడిలో ఈగలు తోలుకుంటుంటారు, బేరం తెగుతుంది. అంగడాయన ఓ పెద్ద పెట్టె తెరిచాడు. అందులో సగానికి పేర్లు ఆయనకే తెలియవు. "నాకు బొక్క పెట్టేది ఒకటి, తిప్పేది ఒకటి, పట్టుకునేది ఒకటి చాలు" అన్నాను. సుత్తి వద్దన్నాను. రోకలి ఉంది, పైగా సుత్తి చేసిన ఘనకార్యం చూశాను కదా. చిన్న డ్రిల్లు, దానికి బిగించే రాతి ములుకు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు తీసుకున్నాను. దుడ్లన్నీ డ్రిల్లే మింగింది.

"నల్లబండకా అక్కా? డ్రిల్లుకు దెబ్బలేసే మీట ఉంటాది, అది ఆపి పెట్టు, లేకుంటే పగుల్తాది. శానా నిదానంగా తిప్పు, మద్దెలో సల్లారనీ" అన్నాడాయన. నాలుగు నెలల్లో నాకు అక్కరకొచ్చిన మాట అదొక్కటే.

సంచి చూడగానే బావ గుమ్మంలోనే తగులుకున్నాడు. "శనివారం ఇనుము తెస్తాండావా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి!"

"శని ఈ ఇంట్లో ఎప్పట్నుంచో ఉండాది బావా" అన్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. సంతోషంగానే ఉండింది.

పెచ్చు లేచినచోటికి జానెడు కింద బొక్క పెట్టాను. మధ్యాహ్నమంతా పట్టింది. చేతులు తిమ్మిరెక్కాయి, రాతిపొడి కళ్లల్లో పడింది. బండ పగల్లేదు. కొక్కెం బిగించి, గడియను దానికి సరిగ్గా కిందికి మార్చాను.

మరునాడు పిల్ల లోపలికి పోయి గడియ వేసుకుంది. నేను వంటింట్లోకి వచ్చేశాను. కాసేపటికి బావ తువ్వాలు భుజాన వేసుకొని వచ్చి తలుపు తోశాడు. అది కదల్లేదు. మళ్లీ తోశాడు.

"ఎంతసేపు నిలబడల్ల ఈడ?" అని అరిచాడు.

లోపల నీళ్ల చప్పుడు ఆగలేదు. తలుపు తోస్తే ఉలిక్కిపడే నా బిడ్డ తీరిగ్గా జవాబిచ్చింది: "ఇంకా తల రుద్దుకోవల్ల పెద్దనాయనా."