మొండి బోల్టుకు కొవ్వొత్తి ముక్క

కాగిన ఇనుము మీద కొవ్వొత్తి మైనం కరిగితే ఒక వాసన వస్తుంది. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసనకి కాస్త కిరసనాయిలు, కాస్త తుప్పు కలిపితే అది. మొన్న నౌపడలో ఉప్పు మడుల పక్కన నీళ్ళ ఇంజను ఒకటి విప్పడానికి గొంతుకూర్చున్నాను. ఉప్పు గాలికి దాని నట్లన్నీ బెల్లం ముద్దల్లా అయిపోయాయి. ఎక్కడిదాకా నట్టో, ఎక్కడినుంచి బోల్టో దేవుడికే తెలియాలి. వేడి చేసి, జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి నట్టుకి తాకించగానే స్స్‌మని పొగ లేచింది. అంతే, నా గుండె గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నలభై దగ్గరపడుతున్నాను, ఇద్దరు పిల్లల తండ్రిని, అయినా తుప్పు పట్టిన నట్టు కదలబోతోందంటే నాకు పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత కంగారు. ఈ జబ్బు నాకు అంటించినవాడు యేసోబు మేస్త్రి.

మీరెవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి చెబుతాను. పలాస నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, జీడిమామిడి తోటలు అయిపోయి కొబ్బరి తోటలు మొదలయ్యే చోట ఆయన షెడ్డు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది, దాంతో ఆయన ఒక్క అక్షరం రాయగా నేను చూడలేదు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే ఆలస్యంగా పాడేవాడు. మిగతా మెకానిక్కులు బిగించడంలో పేరు తెచ్చుకుంటే, ఈయన పేరంతా విప్పడంలోనే. ఎవరి చేతా ఊడనిది ఏదైనా చివరికి ఈయన గుమ్మంలోకి వచ్చేది. మా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళలో ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ ఉంది. వారానికి మూడు రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. సూదులు గుచ్చే ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉండేది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు. అందుకని ఆయనకి వేరే చేతులు కావలసివచ్చాయి. అవి నావి.

నేను ఎనిమిదో తరగతిలో బడి వదిలేశాను. బడి నన్ను ఆరులోనే వదిలేసింది, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పాతికేళ్ళు వచ్చేసరికి ఆటో నడుపుతున్నాను. ఒకరోజు సరిగ్గా ఆయన షెడ్డు ముందే పంక్చరయింది. చక్రం నట్టు ఊడదు. నేను పానా మీదికెక్కి రెండు కాళ్ళతో గెంతుతున్నాను. ఆయన బయటికొచ్చి, చేతులు కట్టుకుని, కాసేపు ఆ నాట్యం తిలకించాడు.

“ఏటిరా, దాంతో నీకేటి పగ?”

“ఊడట్లేదు మావా.”

“ముందు బిగించు.”

“ఊడక నాను సస్తంటే బిగించమంతావేటి?”

“బిగించమన్నాను గానీ బిగించుకుపొమ్మన్నానా? ఆవగింజంత. అంతే.”

ఈయనకి మతి చలించిందనుకుంటూనే పానా కుడివైపు ఒక్క పిసరు తోశాను. ‘కిర్ర్’ మంది! ఆ తరవాత ఎడమకి తిప్పితే వెన్నలా వచ్చింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన అన్నాడు: “అందరూ అటే లాగుతారని తుప్పు అటేపే కాసుకుని కూకుంటాది. ఇటు తోసినామనుకో, బిత్తరపోతాది.” పద్నాలుగేళ్ళయింది. ఆ ‘కిర్ర్’ ఇప్పటికీ నా చెవిలో ఉంది. వారం తిరక్కుండా ఆటో ఓనరుకి అప్పజెప్పేసి ఆయన దగ్గర చేరిపోయాను.

ఆయన పద్ధతి చూస్తే బయటివాళ్ళకి ఒళ్ళు మండేది. తుప్పు మీద కిరసనాయిలు పోసేవాడు. సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు కొట్టి, తల వంచి వినేవాడు. ‘టీ తాగొద్దాం పద’ అనేవాడు. వచ్చి మళ్ళీ కొట్టి వినేవాడు. “రెండు ఇనుములు ఒకటే గొంతుతో పలికినంతసేపు ముట్టుకోకు. ఎవుడి గొంతు ఆడికొచ్చినప్పుడు పానా ఎయ్యి.” నాకు మాత్రం ఎన్ని నెలలు విన్నా ఒకటే గొంతు వినిపించేది, అది మేస్త్రి గొంతు. మరీ మొండి ఘటాలకి కొవ్వొత్తి. ఇనుముని వేడి చేసి ముక్క అంటిస్తే, కరిగిన మైనం బోల్టు మర చుట్లలోకి తనంతట తనే ఇంకిపోతుంది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చి కిటికీల్లో మిగిలిన ముక్కలన్నీ ఏరుకొచ్చి డబ్బాలో దాచేవాడు. ‘మావా, మనకన్నా మన బోల్టులకే భక్తి ఎక్కువైపోతంది’ అంటే, ‘అయ్యే ముందు మారుమనసు పొందుతాయిరా, నీ వంతు తరవాత’ అనేవాడు.

ఇక మా తీరంలో చేపల వేట చేసే పోలయ్య ఇంజను తెప్ప సంగతి. ఏటా రెండు నెలలు వేట నిషేధం కదా, ఆ ఏడాది మర్నాడు సముద్రం తెరుస్తారనగా పోలయ్య నుంచి కబురు. ఇంజను చుట్టూ నీళ్ళు తిరిగే గది ఉప్పుతో పూడుకుపోయింది. మూత తీసి శుభ్రం చెయ్యకపోతే ఇంజను కాగిపోతుంది. మూతకి నాలుగు బోల్టులు. మూడు ఊడాయి, నాలుగోది ఊడదు. రెండు నెలలు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చున్న నాలుగు కుటుంబాలు ఆ తెప్ప మీద ఆధారపడ్డాయి. ఊరంతా వేటకెళ్ళే మొదటి రోజున తమ తెప్ప ఒక్కటే ఇసుకలో ఉండిపోవడమంటే వాళ్ళకి తిండికీ దెబ్బే, పరువుకీ దెబ్బే.

అది మేస్త్రి డయాలసిస్ రోజు. పొద్దున్నే పలాస ఆటో ఎక్కుతూ చెప్పాడు: “కిరసనాయిలు పోసి ఊరుకో. సాయంత్రం నానొచ్చి ఇంతాను. ఈలోగా ముట్టుకున్నావో, సూడు మరి.”

నేను ఊరుకునేవాడినే. కానీ చుట్టూ జనం. పోలయ్య భార్య లచ్చమ్మ అప్పటికే ఇంజనుకి పసుపు రాసి బొట్టు పెట్టేసి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. “మేస్త్రి నేకపోతే ఈ బాబుకి ఏటీ రాదు గావాల” అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పానాకి ఒక పొడుగాటి ఇనుప గొట్టం తొడిగాను. పోలయ్య పట్టుకున్నాడు. ఆయన తెప్ప మీది ముగ్గురూ పట్టుకున్నారు. ఇక చూడండి, ఒడ్డున నిలబడి అలివి వల లాగే జాతి! ఒకడు ‘హైలెస్సా’ అన్నాడు, నలుగురూ ‘హైలెస్సా’ అన్నారు, నేనూ అన్నాను. మూడో హైలెస్సాకి ‘టప్’ మని బోల్టు తల తెగి, ఐదుగురం వెల్లకిలా ఇసుకలో పడ్డాం. మూత ఊడొచ్చింది గానీ మొండెం ఇంజనులోనే ఉండిపోయింది. అది రాకపోతే కొత్త బోల్టు ఎక్కదు. డ్రిల్లు పెడితే మర పాడవుతుంది.

పోలయ్య లేచి ఇసుక దులుపుకున్నాడు. సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. నేను ఇసుకలో పడ్డచోటే కూర్చుని ఫోన్ చేశాను.

“మావా, ఒక సిన్న ఇసయం...”

“ఇరగ్గొట్టీసినావా? ముందు ఇసకలోంచి లెగు.”

“ఇసకలో ఉన్నానని నీకెలగ తెలుసు?”

“బోల్టు తెగితే ఎవుడైనా ఎనక్కే పడతాడు. మొండెం ఎంతుంది?”

“బొటనేలు కణుపంత.”

“కణుపంతే! అయితే అదింకా మన సుట్టమే. కంగారెందుకు?”

“నా వల్ల కాదు మావా. టెక్కలి నుంచి ఎవుర్నైనా పిలుద్దాం.”

“టెక్కలోడు వొచ్చీసరికి రేపు మద్దేనమౌద్ది. నువ్వే తీత్తావు. ఫోను ఇంజను మీద పెట్టు. నాను ఇంతాను.”

ఆస్పత్రి మంచం మీద సూదులతో పడుకుని, ఇంత దూరంలో బోల్టు గొంతు వింటాడట! ఫోన్ స్పీకరు పెట్టి ఇంజను మీద నిలబెట్టాను. ఒడ్డున ఉన్న ఊరంతా మా చుట్టూ చేరింది. సుత్తితో కొట్టాను.

“ఒకటే గొంతు. ఎచ్చబెట్టు.”

బ్లో ల్యాంపు వెలిగించి మొండెం చుట్టూ మంట తిప్పాను. కొవ్వొత్తి అంటించాను. లచ్చమ్మ ముక్కు మీద వేలేసుకుంది: “నా పసుపు సాల్లేదని ఇప్పుడు కొవ్వొత్తేటి? అన్ని దేవుళ్ళకీ మొక్కీసినట్టే!” మళ్ళీ కొట్టాను.

“ఒకటే. టీ తాగు.”

“మావా, ఇక్కడ జనం నన్ను సంపీసేలాగున్నారు!”

“సంపితే సంపనీ, టీ తాగీసి సావు. బేగి తాగకు, మెల్లగా తాగు.”

లచ్చమ్మే టీ తెచ్చింది. ఊరంతా చూస్తుండగా నేను తాగినంత పొడుగు టీ ఈ జిల్లాలో ఎవరూ తాగి ఉండరు. తరవాత సుత్తి తీసుకుని కొట్టాను. ఫోన్ వైపు వంగాను.

“మావా?”

“నువ్వు సెప్పు. ఒకటా, రెండా?”

ఇంకోసారి కొట్టాను. కళ్ళు మూసుకున్నాను. ఇంజను బరువుగా పలికింది. దాని వెనకే, సన్నగా, ఎవరో పక్కగదిలోంచి ఊఁ కొట్టినట్టు ఇంకో పలుకు.

“రెండు! మావా, రెండు!”

“అయితే ఇంకేటి?”

చుట్టూ ఉన్నవాళ్ళంతా ‘ఇప్పు, ఇప్పు’ అని అరిచారు. నేను గ్రిప్పు ప్లయరుతో మొండెం పట్టి, కుడివైపు ఆవగింజంత బిగించాను. ‘కిర్ర్’! ఎడమకి తిప్పాను. పొగలు కక్కుతూ, మైనం కారుతూ, ఒక్కో మర చుట్టూ పైకి లేచింది. నేను దాన్ని ఎత్తి పట్టుకోబోయి, చెయ్యి కాలి, కెవ్వుమని ఇసుకలో పారేశాను. ఐదు నిమిషాలు ఊరంతా దాని కోసం ఇసుకలో వెతికింది. పోలయ్య నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు. ఫోన్లోంచి ఒక నర్సమ్మ ‘తాతా, చెయ్యి కదపకు, సూదులూడిపోతాయి’ అని అరవడం వినిపించింది. మర్నాడు తెల్లారగానే పోలయ్య తెప్ప అందరితోపాటు కెరటాలు దాటింది. నేను ఒడ్డున నిలబడి, బుద్ధున్నవాడెవడూ ఇంజను చప్పుడుకి చప్పట్లు కొట్టనంతగా కొట్టాను.

ఆ సాయంత్రం పట్టరాని గర్వంతో షెడ్డుకెళ్ళి అడిగాను: “మావా, నీకు ఏ దెబ్బకి ఇనబడింది?”

ఆయన చెవి మీది పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. “నాకేటినబడతాదిరా? మిసన్లు మోగుతన్నాయి, పక్క మంచం ఆయన గురకలు. ఒక్క దెబ్బ ఇనబడితే ఒట్టు.”

“మరి ఒకటే గొంతన్నావు?”

“నీకు ఇనబడీదాకా ఒకటే గదేటి.”

ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. కొవ్వొత్తి ముక్కల డబ్బా నా దగ్గరికి వచ్చింది, క్రిస్మస్ మర్నాడు కిటికీలు గోకే పని కూడా. మొన్న నౌపడలో ఆ ఇంజను తాలూకు మనిషి నా తల మీద నిలబడి ‘ఎంతసేపు, ఎంతసేపు’ అంటుంటే టీకి తీసుకెళ్ళాను. ఆయన తొందరపడేకొద్దీ నేను ఇంకా మెల్లగా తాగాను, నిజం చెప్పాలంటే కొంచెం కావాలనే. తిరిగొచ్చి సుత్తితో కొట్టాను. ఉప్పు మడుల మీది గాలి ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. ఒకటి. దాని వెనకే, సన్నగా, రెండు.

పానా వేశాను. కుడివైపు, ఆవగింజంత.